దూరపు మెట్ట విభాగం

హస్త కార్తె, మొదలు

మూడో వీధి పెద్ద నాంచారమ్మ చెబుతున్నది. తాగునీటి తొట్టి ముప్పాతిక నిండి ఉంది. కట్ట మీద ఎలుక బొరియలు కనబడితే మట్టి కూరి తొక్కించాను. మేకలన్నీ కొట్టంలోనే ఉన్నాయి. గాలి తూర్పు నుంచి, మెల్లగా.

రోజూ ముంజేతి కడియంలో చెప్పి నమోదు చేసేది ఇంతే. ఇవాళ ఇంకో సంగతి ఉంది.

పొద్దున పళ్ళు తోముకుంటుంటే ముంజేతి కడియం వణికింది. ఉప్పెన కేంద్రం నుంచి కబురు. ఏటా జరిగే మెట్ట పరుగు పందెంలో విభాగాలను ఇక నుంచి పుట్టిన తేదీని బట్టి కాకుండా ఒంటి వయసును బట్టి నిర్ణయిస్తారట. పరుగెత్తేటప్పుడు గుండె, ఊపిరి, కండ ఎలా పనిచేస్తున్నాయో చూసి కడియమే లెక్కగడుతుందట. రెండోసారి వినిపించుకున్నాను. నోట్లో నురగ అలాగే ఉండిపోయింది.

మాకు రెండు మెట్టలున్నాయి. మట్టి పోసి, రాళ్ళు పరిచి లేపిన దిబ్బలు. దగ్గర మెట్ట ఊరి చివరే ఉంది. చిన్నది, పట్టేది కొద్దిమందే. దూరపు మెట్ట కాలువ లాకు దాటి, ఊరికి ఏడు కిలోమీటర్ల అవతల. ఉప్పెన కూత వినబడ్డాక నీళ్ళు రావడానికి గంట పడుతుందంటారు. బండి ఎక్కకూడదు. ఒక ఏడు బళ్ళన్నీ కట్ట మీద ఒకదానికొకటి అడ్డం పడి, లోపలున్నవాళ్ళు లోపలే పోయారు. అప్పటినుంచి అందరం కాళ్ళ మీదే. పరుగెత్తగలిగినవాళ్ళు దూరానికి, లేనివాళ్ళు దగ్గరికి. ఇన్నాళ్ళూ దానికి పరుగు విభాగం వయసే కొలత, అరవై అయిదు దాటితే దగ్గర మెట్టలో చోటు.

నాకు అరవై ఏడు. రెండేళ్ళుగా ఈ కార్తెల్లో నాకు నిద్ర పడుతోంది. పరుగంటే ఇష్టం కనుక రోజూ కట్ట మీద పరుగెత్తుతాను, అరవై అయిదు నుంచి డెబ్భై లోపు విభాగంలో రెండేళ్ళూ నేనే మొదటిదాన్ని. ఆ ఇష్టం నన్ను ఎక్కడికి లాక్కుపోతుందో ఇవాళ అర్థమైంది.

మా ఆయన కోటయ్య ఉయ్యాల బల్ల మీద కూర్చుని కబురు విన్నాడు. ఆయనకు ఊపిరి సరిగా ఆడదు. ఏ లెక్కన చూసినా దగ్గర మెట్టే.

"నీకెంత వేస్తారంటావు?" అన్నాడు.

"ఏమో."

"యాభై వేసినా వేస్తారు. నీ కాళ్ళట్టాంటివి."

ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. నేను లేచి మేకలకు మేత వేయడానికి పోయాను.

హస్త కార్తె, చివర

తొట్టి అలాగే ఉంది. ఉప్పు వరి ఈనుతోంది. గాలి లేదు.

మెల్లగా పరుగెత్తమన్నాడు కోటయ్య. "కుంటు. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. నిన్నా ఇవాళా అలాగే చేసి చూశాను. కట్ట మీద ఈడ్చుకుంటూ పోతుంటే కడియం మాట్లాడింది. ప్రయత్నం చాలలేదంది. పందెం రోజున ఇలా నమోదైతే నేరుగా దూరపు మెట్టకే రాస్తారట. దాన్ని మోసం చేయాలంటే గుండెను మోసం చేయాలి. అది నా వల్ల కాదు.

రాహేలమ్మక్క మాత్రం హుషారుగా ఉంది. ఆమెకు డెబ్భై ఒకటి. ఐదో వీధి. పన్నెండేళ్ళుగా నేనూ ఆమే కలిసి పరుగెత్తుతున్నాం. ఈమధ్య ఎప్పుడూ నా వెనకాలే, నా మడమలు తొక్కేంత దగ్గరగా ఉంటుంది.

"డెబ్భై విభాగంలో ఎవరున్నారే నాతో పరుగెత్తడానికి? ముగ్గురం. ఒకామె నడుస్తుంది, ఒకామె మధ్యలో కూర్చుంటుంది. గెలిచినా సిగ్గే. ఇప్పుడు చూడు, యాభైల వాళ్ళ పక్కన నిలబెడతారు."

"దూరపు మెట్టకు పంపుతారక్కా."

"పంపనీ. రోజూ పోతూనే ఉన్నాంగా సగం దూరం."

"రోజూ నీళ్ళు తరమట్లేదుగా."

ఆమె నవ్వి నా వీపు మీద కొట్టింది. ఆమెకు భయం లేదు. నా భయం ఆమెకు చెప్పుకోవాలంటే నాకు సిగ్గు.

చిత్త కార్తె

పందెం అయింది.

తెల్లవారుజామున చల్లగా ఉంది. కట్ట మీద రాత్రి నీళ్ళు చల్లి దుమ్ము అణిచారు. గెలవకూడదనుకుని బయల్దేరాను. కడియం తప్పు పట్టనంత చూపిస్తాను గానీ పైన ఒక్క పిసరు కూడా వద్దనుకున్నాను. లాకు దాకా ఆ మాట మీదే ఉన్నాను. లాకు దగ్గర వెనకాల రాహేలమ్మక్క అడుగుల చప్పుడు దగ్గరైంది. పక్కన నలభైల ఆడమనిషి ఎవరో నన్ను దాటబోయింది. అంతే. కాళ్ళు నన్నడగలేదు. దూరపు మెట్ట ఏటవాలు ఎక్కి, గీత దాటి, వంగి మోకాళ్ళు పట్టుకున్నాకే నేనేం చేశానో తెలిసింది.

నా ఒంటి వయసు యాభై ఆరట. రాహేలమ్మక్కకు యాభై ఎనిమిది. ఇద్దరినీ యాభై అయిదు విభాగంలో నిలబెట్టి మెడలో పతకాలు వేశారు. అక్క దాన్ని పళ్ళతో కొరికి చూసింది. అదే విభాగం మగవాళ్ళలో నాలుగో వీధి సాంబశివుడికి రెండో స్థానం. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చేతులు పైకెత్తి గుండ్రంగా తిరిగాడు. జనం ఈలలు వేశారు.

ఇంటికొచ్చేసరికి కడియంలో చోటు మారిపోయింది. "కోటయ్య: దగ్గర మెట్ట. నాంచారమ్మ: దూరపు మెట్ట."

మా ఆయన నా ముంజేయి తిప్పి ఆ అక్షరాలు మళ్ళీ చదివాడు. తర్వాత, "అయితే నేను కూడా..." అన్నాడు.

"నువ్వు లాకు దాకా కూడా రాలేవు. ఆ మాట మళ్ళీ అనకు."

ఆయన తలకాయ దించుకున్నాడు. అన్నం ఇద్దరమూ తినలేకపోయాం.

చిత్త కార్తె, మరో రోజు

కేంద్రానికి పోయాను. అక్కడ విభాగాలు చూసే అధికారి పేరు ఫణిశ్రీ. ముప్పై దాటి ఉండదు. కూర్చోమని మజ్జిగ ఇచ్చింది.

"నాకు భయమేస్తోందమ్మా," అన్నాను. ఇంకో మాట ఏదో అనుకుని పోయాను గానీ నోటికి అదే వచ్చింది. "చల్లటి పొద్దున, పొడిదారిలో, కడుపు ఖాళీగా పరుగెత్తాను. కూత ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పుడు వాన ఉంటుంది, ఎదురుగాలి ఉంటుంది. నేను అరవై ఏడేళ్ళదాన్నే."

"మీ గుండె అరవై ఏడుది కాదు నాంచారమ్మగారూ. నేను చూశాను."

"గుండె కాదు, మనిషి భయపడుతున్నది."

ఆమె బల్ల మీది జాబితా నా వైపు తిప్పింది. "దగ్గర మెట్టలో ఒక్క చోటు ఖాళీ అయితే ఒక్కరికే ఇవ్వగలను. మీ చోటు ఎవరికిచ్చామో చెప్పనా? మల్లికార్జున అని, ఉప్పు ఆరబెట్టే కొట్టంలో పనిచేస్తాడు. యాభై రెండేళ్ళు. ఊపిరితిత్తులు పోయాయి. ఒంటి వయసు డెబ్భై ఆరు. పాత లెక్కన అతను దూరానికి పరుగెత్తాలి. అతన్ని తీసేసి మీకివ్వమంటారా?"

 మజ్జిగ తాగి లేచాను.

సాయంత్రం ఆ మల్లికార్జునే ఇంటికొచ్చాడు. మెట్టు మీద ఆగి, దమ్ము తీసుకుని, మళ్ళీ అడుగేశాడు. బుట్టలో మండపీతలు తెచ్చాడు. "పెద్దమ్మా, మీ చోటు నాకొచ్చిందంట," అన్నాడు. ఇంకేదో అనబోయి దగ్గు వచ్చి ఆగిపోయాడు. మంచం మీద కూర్చోబెట్టి వేణ్ణీళ్ళిచ్చాను. అతని మొహం చూడలేకపోయాను. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. వచ్చి ఉంటే భయం కొంచెం తగ్గేదేమో.

స్వాతి కార్తె, మొదలు

తొట్టి నిండింది. రెండు రోజులుగా ముసురు. పరుపులు అటక మీదకు ఎక్కించాను.

వానలో ఒకసారి దారంతా పోయి చూడాలని రాహేలమ్మక్కను పట్టుబట్టి తీసుకెళ్ళాను. లాకు దగ్గర దారి పల్లంలోకి దిగి మళ్ళీ పైకి లేస్తుంది. నీళ్ళు ముందు వచ్చేది అక్కడికే. ఊరికీ దూరపు మెట్టకీ అది నడిమధ్య. ఆ పల్లంలో నిలబడితే ఏ ఎత్తూ దగ్గర్లో కనబడదు.  గబగబా దాటేశాను.

వెనక్కి చూస్తే అక్క లేదు. దారి పక్క తుంగలోకి దిగిపోయి, చేతులు ముందుకు చాపి తడుముతోంది.

పరుగున పోయి పట్టుకున్నాను. "ఏమైందక్కా?"

"ఏం లేదే. వాన కళ్ళల్లో పడింది."

"నన్ను చూడు. నా వేళ్ళెన్ని?"

ఆమె నా చెయ్యి దించేసింది. అప్పుడు చెప్పింది. మూడేళ్ళుగా చూపు మసకట. ఎండలో ఫర్వాలేదు. ముసురులో ఏదీ ఆనదు. నా వీపు చూసుకుని, నా అడుగుల చప్పుడు విని పరుగెత్తుతుందట. అందుకే అంత దగ్గరగా వస్తుంది. నేను దాన్ని పందెం అనుకున్నాను.

"కేంద్రానికి చెప్పక్కా. కడియం కళ్ళు చూడదుగా."

"చెబితే పందెంలోంచే తీసేస్తారు. డెబ్భై విభాగం కూడా ఉండదు. ఇంక నేనేంటి? మంచం పక్కన కూర్చునే ముసలిదాన్ని." నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు ముందుంటావుగా. నీ వెనకాల వస్తాను."

సరేనన్నాను. కానీ ఆ పల్లంలో నేను ఎవరి కోసమూ ఆగగలనా అని నన్నెవరైనా అడిగితే, ఆగలేను అనే చెప్పి ఉండేదాన్ని. ఇంటిదాకా ఆ మాటే లోపల తిరిగింది. నాకు నేనంటేనే భయం పట్టుకుంది.

స్వాతి కార్తె, ఉప్పెన తర్వాత

దూరపు మెట్ట మీంచి చెబుతున్నాను. నా గొంతు బొంగురుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. మూడో వీధి తొట్టి సంగతి నాకు తెలియదు. వీధి సంగతే తెలియదు.

కూత మధ్యాహ్నం వచ్చింది. మేకల్ని విప్పుతున్నాను, అవి ఈదుకుని బతుకుతాయని. తాడు ఒకటి చేతిలోనే ఉంది. కోటయ్య సంచీ భుజాన వేసుకుని గడపలో నిలబడిపోయాడు.

"వెళ్ళు," అన్నాను.

"నువ్వు ముందు."

"ఏవయ్యా, నువ్వు కదిలితేనే నేను కదుల్తాను. నీ దారి దగ్గర, నా దారి దూరం. నిలబడ్డకొద్దీ నాకు ఆలస్యం."

అప్పుడు కదిలాడు. వెనక్కి చూస్తూ పోయాడు. నేను చూడలేదు.

ఐదో వీధి మలుపులో రాహేలమ్మక్క నిలబడి ఉంది, గోడ పట్టుకుని. "నాంచారీ నువ్వేనా?" అంది. నేనే అన్నాను. ఏమీ ఆలోచించకుండా మేక తాడు ఆమె నడుముకు ఒక కొస, నా నడుముకు ఒక కొస కట్టేశాను.

పరుగు గురించి ఏం చెప్పను. అది పరుగు కాదు. గాలి ఎదురు తిరిగి రొమ్ము మీద చేతులు పెట్టి నెడుతున్నట్టుంది. వాన సూదుల్లా గుచ్చుతోంది. కట్ట జారిపోతోంది. ముందున్న పడుచువాళ్ళు కాసేపటికే కనబడకుండా పోయారు. మా యాభై అయిదు విభాగం వాళ్ళం ఒకరికొకరు దూరమైపోయాం. సాంబశివుడు మమ్మల్ని దాటి పోయాడు. దాటేటప్పుడు "పదండి పదండి" అన్నాడు. అతని మొహం సున్నంలా ఉంది.

లాకు పల్లంలోకి మేం దిగేసరికి నీళ్ళు అక్కడ ఉన్నాయి. గంట ఇంకా కాలేదు. మొదట పిక్కల దాకా, నాలుగడుగులకి తొడల దాకా. తర్వాత ఒక తెర వచ్చి గుండెల దాకా కొట్టింది. అక్క పడిపోయింది. తాడు నా నడుమును కోసింది. ఇద్దరం మునిగాం. ఉప్పునీళ్ళు మింగాను. కాళ్ళకు లాకు కంచె తగిలితే దాన్ని పట్టుకుని లేచాను. తాడు లాగితే అక్క పైకొచ్చింది.

"ఇప్పెయ్యి," అంది. "నన్ను ఇప్పేసి పో నాంచారీ."

ముడి నా చేతికి అందుతూనే ఉంది. నేను ఇప్పలేదు. దీన్ని జనం ధైర్యం అనుకోకూడదని చెబుతున్నాను. ఆ నీళ్ళలో ఒక్కదాన్నే ఉండాలంటే భయం. చచ్చిపోతే ఒక్కదాన్నే చచ్చిపోవాలంటే ఇంకా భయం. అందుకే ఇప్పలేదు. "నోరు మూసుకుని కంచె పట్టుకో," అన్నాను. డెబ్భై ఒక్కేళ్ళ మనిషిని అంతమాట ఎప్పుడూ అనలేదు.

కంచె వెంబడి చేతులు మార్చుకుంటూ పోయాం. నాకు పట్టు జారినప్పుడు ఆమె పట్టుకుంది. ఆమె చేతుల్లో ఇంత బలం ఉందని నాకు తెలియదు. తుంగ కాడలు కోసిన చేతులవి. పల్లం దాటి దారి పైకి లేచేచోట ఇద్దరం నాలుగు కాళ్ళ మీద పాకాం. తర్వాత నడిచామో పరుగెత్తామో గుర్తు లేదు. మెట్ట మీంచి ఎవరో దిగొచ్చి రెక్కలు పట్టుకుని లాగారు.

సాంబశివుడు రాలేదు.

స్వాతి కార్తె, చివర

నీళ్ళు తీశాయి. కోటయ్య బాగున్నాడు. దగ్గర మెట్టలో అందరూ బాగున్నారు.  నా నడుము మీద తాడు కోసిన గాయానికి పసుపు అద్దుతూ కూర్చున్నాడు. మల్లికార్జున మెట్ట మీద రెండు రోజులూ ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నాడట.

సాంబశివుడు లాకు కంచెకు దొరికాడు. మేం పట్టుకున్న పక్క కాదు, అవతలి పక్క. వాళ్ళావిడ దగ్గర కూర్చుని వచ్చాను. పతకం గోడకి మేకుకు వేలాడుతూనే ఉంది, నీళ్ళు అంత ఎత్తు రాలేదు.

తొట్టి కడిగించాలి. మేకలు రెండు తిరిగొచ్చాయి.

విశాఖ కార్తె

కేంద్రంలో సమావేశం పెట్టారు. పైనుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మైకులో చెప్పాడు. యాభై అయిదు విభాగంలో ఒక్కరు తప్ప అందరూ దూరపు మెట్ట చేరారు కనుక ఒంటి వయసు లెక్క సరైనదేనని తేలిందట. ఆ ఒక్కరు కూత విన్నాక ఇంటి దగ్గర ఆలస్యం చేశారట. వచ్చే ఏటికి దగ్గర మెట్టలో ఇంకొన్ని చోట్లు తగ్గించవచ్చట.

 నేను బతికి రావడమే వాళ్ళకి సాక్ష్యం. లేచి చెబుదామనుకుంటే కాళ్ళు లేవలేదు. పక్కనుంచి రాహేలమ్మక్క లేచింది.

"నాకు కళ్ళు కనబడవండి," అంది. హాలంతా ఆమె వైపు తిరిగింది. "మూడేళ్ళ నుంచి. మీ కడియం నాకు యాభై ఎనిమిదేళ్ళు వేసింది. ఈ నాంచారమ్మ నన్ను తాడుకు కట్టి తీసుకుపోయింది. నేను చేరలేదండి. నన్ను చేర్చారు. నా పేరు మీ లెక్కలోంచి తీసెయ్యండి."

మెడలోంచి పతకం తీసి బల్ల మీద పెట్టి వచ్చి కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఆ పతకం ఆమెకు ఎంతో నాకు తెలుసు.

అప్పుడు నేనూ లేవగలిగాను. "నేనూ చేరలేదండి," అన్నాను. "ఆమె చేతులు లేకపోతే కంచె దగ్గరే ఆగిపోయేదాన్ని."

పెద్దమనిషి కాగితాలు సర్దుకున్నాడు. ఫణిశ్రీ మాత్రం మర్నాడు మా ఇంటికొచ్చింది. వాన పడుతోంది. "ఆ దారి నాకు చూపిస్తారా?" అంది.

పరుగెత్తే తీసుకెళ్ళాను. పడుచుది, మొదట్లో నాకంటే ముందే ఉంది. లాకు పల్లం దగ్గరికొచ్చేసరికి బురదలో రెండుసార్లు జారి మోచేయి గీసుకుంది. పల్లం మధ్యలో ఆగాం.

"నీళ్ళు ఎంత దాకా వచ్చాయి?"

 ఆమె గుండె మీద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాను. నా చేతి కింద ఆమె గుండె కొట్టుకోవడం తెలిసింది. ఆమె మెట్ట వైపు చూసింది, ఊరి వైపు చూసింది.

"వెనక్కి వెళ్దామా నాంచారమ్మగారూ?" అంది చిన్నగా.

"ఎటు వెళ్ళినా ఒకే దూరమమ్మా."

ఆమె కదలకుండా నిలబడిపోయింది. ఆ మొహం నాకు తెలుసు. హస్త కార్తె మొదలైనప్పటినుంచి అద్దంలో చూస్తున్నది అదే.

అనూరాధ కార్తె

తొట్టి కడిగి నింపాం. గాలి ఉత్తరానికి తిరిగింది, కొంచెం చలి.

ఫణిశ్రీ పైవాళ్ళతో పోట్లాడి సాధించింది ఇంత. డెబ్భై దాటినవాళ్ళకి ఒంటి వయసు చూడరు, పుట్టిన వయసే. రాహేలమ్మక్కకు దగ్గర మెట్టలో చోటొచ్చింది. అరవై అయిదు నుంచి డెబ్భై లోపు వాళ్ళం మాత్రం దూరానికే. నాకింకా మూడేళ్ళుంది. మల్లికార్జున చోటు అతనికే ఉంది. అది మాత్రం బాగుందనిపించింది.

అక్క చోటు మారిన రోజు నాకు ఏడుపొచ్చింది, ఆమె కోసం కాదు. వచ్చే ఉప్పెనకి నా తాడు రెండో కొస ఖాళీ.

కూర్చుని ఏడిస్తే లాభం లేదని యాభై అయిదు విభాగం వాళ్ళందరినీ పిలిచాను. లాకు పల్లం పక్కన మూడో మెట్ట ఒకటి మనమే పోసుకుందామన్నాను. అడిగితే కేంద్రం రెండేళ్ళు పడుతుందంది. మనకు రెండేళ్ళు లేవు. పరుగు సాధన చేసే పొద్దుల్లో ఇప్పుడు మట్టి మోస్తున్నాం. సాంబశివుడి ఇంటావిడ కూడా వస్తోంది. ఫణిశ్రీ సెలవు రోజున వచ్చి తట్ట ఎత్తింది. రాహేలమ్మక్క కట్ట మీద కూర్చుని తుంగతో తట్టలు అల్లుతోంది, చేతులతో తడిమి చూసుకుంటూ.

ఇవాళ పని ఆపాక మట్టి పక్కన నిలబడి ఎత్తు చూశాను. నా మోకాళ్ళ దాకా వచ్చింది. నీళ్ళు నా గుండెల దాకా వచ్చాయి.

రేపు పొద్దున ఇంకా ముందే రమ్మని అందరికీ చెప్పాను.